పది లక్షల మూడు

మా తమ్ముడి కొడుకు ప్రభాకర్ గురజాల నుంచి ఫోన్ చేసి, "అత్తా, మన పాతింట్లో నిధి గుర్తు బయటపడింది, పొద్దున్నే బస్సెక్కి రా" అన్నప్పుడు నాకు నవ్వు రాలేదు, ఒళ్ళు మండింది. పాతిల్లు పడగొట్టి డాబా వేసుకుంటానంటే సరేనన్నాను. నేనక్కడ ఉండేదీ లేదు, నాకు వాటా కావాలని అడిగిందీ లేదు. నరసరావుపేటలో నా మానాన నేను మోకాళ్ళ నొప్పులతో కాలక్షేపం చేస్తున్నదాన్ని. నిధుల పిచ్చి మా వైపు కొత్తది కాదు. కొండవీడు దగ్గర్నుంచి ఇటు మాచర్ల దాకా పాడుబడిన మండపం కనబడితే చాలు, గునపం పట్టుకుని దిగేవాళ్ళు ఎప్పుడూ ఉన్నారు. కానీ మిషన్ బడి లెక్కల మాస్టారి ఇంట్లో నిధి ఏమిటి? నెలాఖరుకి ఉప్పు డబ్బాలోకి కూడా చెయ్యి పెట్టి తడుముకున్న ఇల్లది. అయినా వెళ్ళాను. వెళ్ళకపోతే వాడు పక్కింటి గోడ కిందిదాకా తవ్వేస్తాడని భయం.

వెళ్ళేసరికి ముందుగది నేల లేదు. నాపరాళ్ళన్నీ పెరట్లో ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి, గది మధ్యలో మనిషి నడుముదాకా గొయ్యి. ఒక్క రాయి మాత్రం విడిగా, ఏళ్ళనాటి మట్టి కడిగి, గోడకి ఆనించి నిలబెట్టారు. దాని మీద మేకుతో గీసిన అంకె: 1000003. నేను వెంటనే గుర్తుపట్టాను. మేస్త్రి మాత్రం మహా హుషారుగా ఉన్నాడు. "అమ్మా, ఇది మామూలు అంకె కాదు. ముందు ఒకటి, చివర మూడు, మధ్యలో అన్నీ సున్నాలు. ఊరికే ఎవరైనా ఇట్టాంటిది రాయిమీద చెక్కుతారా?" అన్నాడు.

"అది మీ తాత గీసిన అంకెరా ప్రభాకర్. బడి లెక్క. కింద ఏమీ లేదు, పూడ్చెయ్యండి" అన్నాను.

"నువ్వు తవ్వి చూశావా అత్తా?" అన్నాడు వాడు.

"తవ్వేదేముందిరా? నాకు తెలుసు."

"దొరకలా అంటే లేదని కాదు గదమ్మా. ఇంకా లోతుకి పోలేదని" అన్నాడు మేస్త్రి, గునపం మీద చెయ్యానించి.

మా నాన్న పోయి ఇన్నేళ్ళయింది. ఆయన మాట ఆయన ఇంట్లోనే, పైగా నిధి తవ్వే మనిషి నోట విని నేను ఉడుక్కోవాలా? అదే జరిగింది. పేర్చిన రాళ్ళ మీద కూలబడ్డాను. ఆ రాళ్ళ మీద నేను పడ్డ అవస్థ వాళ్ళకేం తెలుసు?

మా నాన్న ఎలాంటివాడో ముందు చెప్పాలి. మెడదాకా బొత్తాలు పెట్టిన చొక్కా, మోకాలు దిగిన పంచె, నడిచేటప్పుడు పెదాలు కదులుతూ ఉంటాయి. ప్రార్థన చేసుకుంటున్నాడని కొత్తవాళ్ళు అనుకునేవారు. చేసేది గుణకారం. ఒకసారి బడి సుద్దముక్క జేబులో ఉండిపోయి ఇంటికొచ్చేస్తే, కాళ్ళు కడుక్కున్నవాడల్లా మళ్ళీ బయల్దేరి బడికి వెళ్ళి బల్ల మీద పెట్టి వచ్చాడు. మా అమ్మ గుమ్మంలో నిలబడి, "ఆ ముక్క లేకపోతే రేపు బడి జరగదంటనా?" అని అరిచింది. ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. అందరూ ఆయన్ని నిజాయితీపరుడని మెచ్చుకునేవారు. మెచ్చుకున్నవాళ్ళెవరూ ఆయనతో కలిసి ఒకే ఇంట్లో ఉండలేదు.

యుద్ధం రోజులవి. కిరోసిన్ కి వరస, పంచదారకి వరస, కాగితం సంగతి అసలు చెప్పక్కర్లేదు. బస్సులు బొగ్గుతో నడిచేవి. ఎక్కినవాళ్ళు దిగేసరికి ముఖాలు నల్లబడి ఒకరినొకరు గుర్తుపట్టలేకపోయేవారు. ఆ ఏడు మిషన్ వాళ్ళు మా చుట్టుపక్కల బడులన్నిటికీ కలిపి ఒకే ఒక్క ఆడపిల్లకి గుంటూరు బోర్డింగ్ హైస్కూల్లో ఉచితంగా సీటు ఇస్తామన్నారు. దానికొక పరీక్ష. ప్రశ్నపత్రాలు అచ్చువేసే కాగితం లేదు కాబట్టి, బడుల సూపర్‌వైజరుగారు ఒక చేతిరాత కాగితం పట్టుకుని ఊరూరా తిరిగి, ప్రతి బడిలోనూ నల్లబల్ల మీద ప్రశ్నలు తానే రాసి పరీక్ష పెట్టేవారు. మా బడి వంతు వచ్చేసరికి ఆయన అప్పుడే బొగ్గు బస్సు దిగి, కళ్ళు తుడుచుకుంటూ ఉన్నారు. చివరి ప్రశ్న, ఒక అంకె ఇచ్చి, ఒకటీ ఆ అంకే కాకుండా దానికి కారణాంకాలు కనుక్కోమని. మిగతావన్నీ చేసేసి నేను దాని మీద పడ్డాను. రెండు పోదు, మూడు పోదు, ఏడు పోదు. నలభై దాటేదాకా చూశాను. గంట కొడుతున్నారు. విసుగెత్తి "దీనికి కారణాంకాలు లేవు" అని రాసి ఇచ్చేశాను.

ఇంటికొచ్చి నాన్నకి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన ఆ అంకె నేల మీద రాసి చాలాసేపు చూశాడు. "లేవని ఎలా తెలిసింది?" అన్నాడు. దొరకలేదు నాన్నా అన్నాను. "దొరకలేదు వేరు, లేవు వేరు. మీ అమ్మ గాజు దొరకలేదు. గాజు లేదా?" అన్నాడు. పక్కనే ఉన్న అమ్మ, "నా గాజు సంగతెందుకిప్పుడు?" అంది.

ఫలితాలు చూసేసరికి తెలిసింది అసలు సంగతి. సూపర్‌వైజరుగారి కాగితంలో ఉన్నది పది లక్షల ఒకటి. అది నూట ఒకటితో చక్కగా పోతుంది, తొమ్మిది వేల తొమ్మిది వందల ఒకటి వస్తుంది. బెల్లంకొండ బడిలో ఆయన సరిగ్గానే రాశారు, అక్కడొక పిల్ల జవాబు కనుక్కుంది. మా బడి బల్ల మీద చివరి ఒకటికి బదులు మూడు పడింది. మిగతా అన్నిట్లో ఆ పిల్లకీ నాకూ సమానం. ఈ ఒక్క ప్రశ్న మీద గుంటూరు ఆగింది. నాన్న వెళ్ళి మర్యాదగా చెప్పాడు. సూపర్‌వైజరుగారు చెడ్డవారు కాదు, కానీ తాను తప్పు రాశానని ఒప్పుకోలేదు. బల్ల ఎప్పుడో తుడిచేశారు కదా. పిల్లే తప్పు ఎక్కించుకుందన్నారు. చివరికి మెత్తబడి, "సరే మాస్టారూ, వచ్చే ఆదివారం సాయంత్రం ప్రార్థన కూటం మీ ఇంట్లోనే కదా, నేనూ వస్తాను. ఆ పిల్ల ఎక్కించుకున్న అంకెకి నిజంగా కారణాంకాలు లేవని చూపించండి. మార్కులు వేస్తాను, సీటు ఆమెదే" అన్నారు.

చూపించడమంటే ఏమిటో నాకు ఆ రోజే తెలిసింది. ఒక అంకెకి కారణాంకం ఉందని చూపించాలంటే, ఒక్కటి చూపిస్తే అయిపోయింది, లేచి వెళ్ళిపోవచ్చు. లేదని చూపించాలంటే దొంగ లేడని చెప్పడానికి ఊళ్ళో ప్రతి ఇల్లూ వెతికినట్టు వెతకాలి. వెతికిన ప్రతి చోటా ఏమీ దొరక్కపోవడమే మనం చేసిన పని. ఎన్నిటితో భాగించాలి నాన్నా అని అడిగితే, వెయ్యి లోపున్న ప్రధాన సంఖ్యలన్నిటితో అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

"అన్నీ ఎందుకయ్యా? ఆరుతో చూడవా?" అంది అమ్మ, జొన్నలు చెరుగుతూ.

"రెండు పోలేదు, మూడు పోలేదు. ఆరెట్టా పోద్ది?"

"మరి వెయ్యి దగ్గరే ఆగేదేంది? పైన ఉండకూడదా?"

ఈ ప్రశ్నకి నాన్న ముఖం వెలిగిపోయింది. "కారణాంకం ఒక్కతే రాదే. ఎడ్లలాగా జతగా వస్తాయి. ఒకటి వెయ్యికి పైనుంటే దాని జతది వెయ్యికి లోపే ఉండాలి. రెండూ వెయ్యి దాటితే, గుణిస్తే మన అంకె దాటిపోద్ది. లోపలున్నదాన్ని పట్టుకుంటే పైదాని సంగతి మనకెందుకు?" అన్నాడు. అమ్మ చేట పక్కన పెట్టి, "ఎడ్లుంటే అరకన్నా కట్టుకుని బతికేవాళ్ళం" అని లోపలికి వెళ్ళింది.

కాగితం లేదు. బడి బల్ల ముట్టుకోనివ్వడు. వెయ్యి లోపు ప్రధాన సంఖ్యలు వసారా గోడ మీద బొగ్గుతో రాశాడు. భాగారాలకి ముందుగది నేల మిగిలింది. మా ఇంటి నేల నల్లటి నాపరాయి, అద్దంలా నున్నగా ఉండేది. సున్నపు బట్టీ దగ్గర్నుంచి తెల్ల గడ్డలు ఏరుకొచ్చి, ఒక్కో రాయిని నాలుగు గళ్ళు చేసి, గడికొక భాగారం. ఇక ఆ గదిలో నడవడానికి లేదు. బయటికి పోదామా అంటే పెరడంతా మిరపకాయలు. మా నాయనమ్మ మిరప కోతలకి వెళ్ళి కూలి కింద తెచ్చినవి ఎండబోసింది, వాటి మీదా అడుగు పడకూడదు. అమ్మ ఇటు అంకెలకీ అటు మిరపకాయలకీ మధ్య సందులో పొయ్యి పెట్టుకుని జొన్న సంకటి కెలికేది. మిరప ఘాటు, సున్నపు వాసన, కట్టెల పొగ మూడూ కలిసి అందరికీ ఒకటే దగ్గు. నాయనమ్మ గుమ్మంలో పీట వేసుకుని కూర్చుని కోళ్ళు లోపలికి రాకుండా కాపలా కాసేది. ఆమెకి అక్షరం ముక్క రాదు. "నా మనవరాలి గుంటూరు ఇది, ఎవురన్నా తొక్కారో కాళ్ళిరగ్గొడతా" అని వచ్చేపోయేవాళ్ళ మీద కర్ర ఎత్తేది.

ఆ అంకె మీద నాకొచ్చినంత కోపం ఏ మనిషి మీదా రాలేదు. ఏడుతో భాగిస్తే నాలుగు మిగులుతుంది. పదకొండుతో భాగించినా నాలుగే. పదమూడుతోనూ నాలుగే. ముప్ఫై ఏడుతోనూ నాలుగే. వెక్కిరిస్తున్నట్టు ఉండేది. నాన్నేమో పిల్లాడిలా సంబరపడి, ఆరు తొమ్మిదులు వరసగా రాస్తే అది వీటన్నిటితోనూ పోతుందనీ, మనది దానికి నాలుగు ఎక్కువ కాబట్టి ఎప్పుడూ ఆ నాలుగే మిగులుతుందనీ వివరించేవాడు. నాకు వేళ్ళు పగిలి మండుతుంటే ఆయనకి అందులో అందం కనిపించేది! యాభై మూడు దగ్గరైతే యాభై రెండు మిగిలింది. ఇంకొక్కటి ఉంటే సరిగ్గా పోయేది. అమ్మ వంగి చూసి, "ఒక్కటేగా. ఒక్కటికి అంత పట్టింపేంది? పోయిందనుకో, కడిగేసుకుందాం" అంది. పోతే మన పిల్ల జవాబు తప్పవుతుందే అని నాన్న చెబితే, "అయ్యో, అయితే పోబాకు" అని ఆ రాయిని చూసి దణ్ణం పెట్టింది.

శుక్రవారం చీకటి పడే వేళకి తొమ్మిది వందల ఏడు దాకా వచ్చాం. గోడ మీద ఇంక కొన్నే మిగిలాయి. శనివారం పొద్దున్న ఒక పూట కూర్చుంటే అయిపోతుంది. నేను ఆ రాత్రి గుంటూరు గురించే కలలు కన్నాను, ఇనప మంచాలూ నీళ్ళ కుళాయిలూ ఉంటాయట అక్కడ.

మా ఇళ్ళల్లో శనివారం నేల కడగాలి. ఆదివారం పని చెయ్యకూడదు కనుక పిండి విసరడం, కట్టెలు కొట్టడం, ఇల్లు కడగడం అన్నీ శనివారం వెలుగు రాకముందే మొదలు. పైగా మర్నాడు ప్రార్థన కూటం. నాయనమ్మ ఎప్పుడు లేచిందో, ఎప్పట్లాగే బావి నుంచి బిందె తెచ్చి, పాట పాడుకుంటూ, ఈ మూల నుంచి ఆ మూల దాకా నీళ్ళు కొట్టి చీపురుతో తోసేసింది. వారమంతా కోడిపిల్లని కూడా రానివ్వని మనిషి! నేను లేచి వచ్చేసరికి నేల నల్లగా నిగనిగలాడుతోంది. ఆమె నా ముఖం చూసి, నేల చూసి, చీపురు వదిలేసి గోడకి తల కొట్టుకుంది. "శనారం గదే అమ్మా, శనారం గదే" అని ఒకటే మాట. 

నాన్న మాత్రం సున్నపుగడ్డ తీసుకుని, పంచె ఎగదోపుకుని, మొదటి రాయి దగ్గర కూర్చున్నాడు. మళ్ళీ మూడు నుంచి మొదలుపెట్టాడు!

"చూసినవి చూశాం గదా నాన్నా. చూడనివి ముందు చేద్దాం" అన్నాను.

"సూపర్‌వైజరుగారు చూడలేదు గదమ్మా. ఆయనకి మొదట్నుంచీ కనపడాలి."

"ఏమయ్యా, నీకు బుద్దుందా? తెలవనివి చెయ్యవయ్యా ముందు! మనకన్నా తెలుస్తది, ధైర్నంగా చెప్పొచ్చు" అని అమ్మ గొంతు చించుకుంది. ఆయన వినలేదు. క్రమం క్రమమే. నేను మధ్యలోంచి మొదలుపెట్టబోతే గడ్డ లాక్కున్నాడు. రోజంతా వంగి వంగి ఇద్దరం రాశాం. సూర్యుడు గుంకే వేళకి ఆరు వందలు దాటాం. అప్పుడు ఆయన చేతులు దులుపుకుని లేచాడు. రేపు పొద్దున్న చేద్దాం నాన్నా, సాయంత్రం దాకా టైముంది అని కాళ్ళ మీద పడ్డంత పని చేశాను. "భాగారం కూడా పనే. ఆదివారం పని చెయ్యకూడదు" అన్నాడు. అంతే. ఆదివారం పగలంతా ఆ సున్నపుగడ్డలు గూట్లో ఉన్నాయి, నేనూ ఉన్నాను, నేల మూడో వంతు ఖాళీగా ఉంది.

సాయంత్రం సూపర్‌వైజరుగారు వచ్చారు. నాయనమ్మ చెప్పులు విప్పించింది. ఆయన గుమ్మంలో నిలబడి కళ్ళజోడు సర్దుకుని, ఆ నేల మీది అంకెలు చూసి నిజంగానే నివ్వెరపోయారు. ఒకటి రెండు భాగారాలు మనసులో సరిచూసుకున్నారు కూడా. తర్వాత, "శ్రమపడ్డారు మాస్టారూ. అయితే కారణాంకాలు లేవంటారా?" అన్నారు.

ఒక్క మాట. లేవండీ అంటే అయిపోయేది. ఆయన ఒప్పుకోవడానికి సిద్ధంగా ఉన్నారని నాకూ తెలిసింది, లోపలి గుమ్మం వెనక నిలబడ్డ అమ్మకీ తెలిసింది. నాన్న నా వైపు చూశాడు. నేల వైపు చూశాడు. "చూసినవాటిలో లేవండి. చూడనివి ఇంకా ఉన్నాయి" అన్నాడు.

"మరి లేవని మీరే అనలేకపోతే నేనెలా అనగలను?" అన్నారాయన, బాధగానే. సీటు బెల్లంకొండ పిల్లకి వెళ్ళింది. న్యాయంగా చూస్తే ఆ పిల్ల తప్పేమీ లేదు. ప్రార్థనకి వచ్చినవాళ్ళు ఆ అంకెల మీదే కూర్చున్నారు, లేచేటప్పుడు అందరి బట్టలకీ సున్నం.

సోమవారం బడి నుంచి వచ్చి నాన్న ఒక్కడే కూర్చుని ఏవో భాగారాలు చేశాడు. నన్ను పిలిచాడు, వెళ్ళలేదు. ఆ వారంలోనే ఎప్పుడో మేకు పుచ్చుకుని ఆ రాయి మీద అంకె చెక్కాడు. "సుగుణా, ఒకసారి వచ్చి చూడమ్మా" అన్నాడు. మిరపకాయలు తిరగేస్తున్నానన్నాను. ఆయన మళ్ళీ పిలవలేదు. జవాబు ఏమొచ్చిందో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. అమ్మ బతికినంతకాలం ఆ ఆదివారాన్ని ఆయన కంచంలో కూరలా వడ్డిస్తూనే ఉంది. నా హైస్కూలు చదువు పెళ్ళయి, ఇద్దరు పిల్లలు పుట్టాక ప్రైవేటుగా కట్టి పూర్తిచేశాను. టీచర్ ట్రైనింగయ్యి, నేనూ లెక్కలే చెప్పాను. పిల్లలకి ప్రధాన సంఖ్యలు చెప్పాల్సి వచ్చినప్పుడల్లా వందలోపు ఆపేసి పాఠం మార్చేదాన్ని. ఆ అంకె సంగతి ఏ పుస్తకంలోనూ వెతకలేదు. వెతికితే ఆయన్ని క్షమించినట్టవుతుందేమోనని పంతం.

ఇదంతా ప్రభాకర్ కి చెప్పాను. వాడు ఓపిగ్గా విని, "ఇంతేనా? కంప్యూటర్లో కొడితే క్షణంలో చెబుద్ది గదత్తా" అన్నాడు. అవును, చెబుతుంది. మేము వారం రోజులు దగ్గుతూ, తిట్టుకుంటూ చేసిన పని దానికి రెప్పపాటు. కాదని ఎవరన్నారు? కానీ అది 'లేవు' అంటే ఇప్పుడు జనం సరేనని నమ్ముతారు, ఆనాడు ఒక్క మాటకి ఆడపిల్ల చదువు పణంగా పెట్టిన మనిషిని మాత్రం పిచ్చివాడంటారు. నేనూ అన్నాను, నా జీవితమంతా అన్నాను. గొయ్యి గట్టున నిలబడి ఏమీ లేకపోయినా ఉందనే ఈ మేస్త్రినీ వీణ్ణీ చూస్తుంటే, చూడనిదాన్ని చూశానని ఒక్కసారి కూడా అనలేకపోయిన ఆ మొండి మనిషి మీద కోపం ఎటు పట్టుకోవాలో తెలియకుండా పోయింది. ఇప్పటికీ ఆయన చేసింది నాకు అన్యాయమే. అది నేను వదలను.

"మేస్త్రీ, నీ దగ్గర సుద్దముక్క ఉందా?" అన్నాను. గోడలకి గుర్తులు పెట్టుకునేది ఒకటి తీసిచ్చాడు. నాన్న చెక్కిన రాయిని పడుకోబెట్టించి, దాని పక్కన ఇంకో రెండు రాళ్ళు వేయించి, మోకాళ్ళు మొరాయిస్తున్నా కింద కూర్చున్నాను. తొమ్మిది వందల ఏడు తర్వాతివి, ఆ శుక్రవారం మేము వదిలేసినవి. తొమ్మిది వందల పదకొండుతో మొదలుపెట్టాను. ఆరు వందల ముప్ఫై ఆరు మిగిలింది. ప్రభాకర్ కాసేపు చూసి టీ తెస్తానని పోయాడు. మేస్త్రి మాత్రం గొయ్యిలోంచి పైకొచ్చి, గొంతుక్కూర్చుని, ఒక్కోటి కాగానే "పోలా?" అని అడుగుతున్నాడు. పోలేదు. తర్వాతదీ పోలేదు. ఎండ రాళ్ళ మీదికి వచ్చింది. చివరిది తొమ్మిది వందల తొంభై ఏడు. దానితో భాగిస్తే వెయ్యిన్నీ మూడు వచ్చి, పన్నెండు మిగిలింది. ఇంక చూడాల్సింది లేదు.

"ఏమొచ్చిందమ్మా?" అన్నాడు మేస్త్రి.

 ఆనాడు సూపర్‌వైజరుగారు నిలబడ్డ గుమ్మం పడగొట్టేశారు, కానీ అది ఎక్కడ ఉండేదో నాకు తెలుసు. అటు చూసి చెప్పాను.

"లేవండీ. అన్నీ చూశాం."